బీరువా కింద మొలిచిన చెట్టు

నాచారంలో మేం అద్దెకున్న ఇంట్లో, మెట్ల కింద, టైల్స్ డబ్బాలు మూడేళ్లు అలాగే పడి ఉండటానికి కారణం నేనే. ఇన్నేళ్లయింది కాబట్టి ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను గానీ, అప్పట్లో ఈ మాట ఎవరైనా అని ఉంటే వాళ్లతో మాటలు మానేసేదాన్ని. నా కోపం ముందు పరిగెత్తుకొస్తుంది. ఆలోచన వెనకాల తీరిగ్గా, కూరగాయలు బేరం చేసుకుంటూ వస్తుంది.

నేనొక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. తెనాలి వైపు నుంచి పెళ్లయి వచ్చి, మా ఆయన ఉద్యోగం ఉప్పల్లో కాబట్టి నాచారంలో ఇల్లు చూసుకున్నాం. పిల్లలు ఏం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పడం నా గొప్ప. 'తెలియదు' అనే మాట క్లాసులో ఒక్కసారి కూడా వాడి ఎరగను. తెలియనప్పుడు గొంతు కాస్త పెంచేదాన్ని, అంతే. పెంచిన గొంతును ఎనిమిదో తరగతి పిల్లలెవరూ ఎదురు ప్రశ్న అడగరు. ఇంట్లో మా ఆయన మాత్రం "నీకు ఖచ్చితంగా తెలుసా?" అని మెల్లగా అడిగేవాడు. ఆయనకు ఆ పూట కూరలో ఉప్పు ఉండేది కాదు.

ఇల్లుగలావిడను నేను వదినా అనేదాన్ని. ఆమె భర్తను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయనది జనగామ వైపు, ఆమెది తాండూరు. నాచారం ఫ్యాక్టరీల్లో, ఫ్యాన్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో ఆయన ఇరవై ఏళ్లు పనిచేశాడు. మేం ఆ ఇంట్లో దిగిన ఏడాదే ఆ కంపెనీ మూతపడింది. మా అద్దె, పైవాటా అద్దె, వదిన కుట్టుమిషను, వీటితో ఇల్లు నడిచేది. అన్నయ్యగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపర్ను మొదటి అక్షరం నుంచి టెండర్ నోటీసుల దాకా చదివి, మడిచి, మళ్లీ విప్పేవాడు. పలకరిస్తే తల ఊపేవాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

వదినకు ఒక్కటే కోరిక. ఇంట్లో పరిచినవి తాండూరు బండలు. ఇల్లు కట్టినప్పుడు ఆమె పుట్టింటి వైపు నుంచి లారీలో వచ్చాయట. వాటిని తీయించి తెల్లటి టైల్స్ వేయించుకోవాలి. బోడుప్పల్లో ఆమె తోడికోడలు వేయించుకుంది.

"వంగి సూస్తె మొఖం కనవడ్తది టీచరమ్మా. అద్దం అక్కర లేదు, బొట్టు గూడ గీడనే దిద్దుకోవచ్చు" అనేది. "నేనేమో పుట్టినకాన్నుంచి ఇవే బండలు తొక్కుతున్న. ఆడ గవే, ఈడ గవే. ఇగ సాలు."

ఇంటి వెనక కుళాయి పక్కన బట్టలు ఉతికే బండ ఒకటి ఉండేది. అది మాత్రం తాండూరుది కాదు. నల్లబూడిద రంగులో, బరువుగా, మొత్తం గుండ్రటి గీతలతో ఉండేది. క్యాబేజీని అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో, అలాంటి సుడులు పక్కపక్కన ఏడో ఎనిమిదో ఉండేవి. ఉప్పల్ రోడ్డు మీద బండలమ్మే అతని దగ్గర, ఎవరూ కొనక మూలకు పడి ఉంటే తెచ్చారట. వానాకాలం వచ్చిందంటే వదినకు ఆ బండతో యుద్ధం. పాచి పట్టేది. కొబ్బరి పీచు, బ్లీచింగ్ పౌడరు పెట్టి "పాడు పాచి, ఏడికెళ్లి వస్తదో ఏమో" అని తిట్టుకుంటూ తోమేది. నేను కూడా ఆ బండ మీదే మా ఆయన చొక్కాలు బాదేదాన్ని. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎట్టకేలకు వదిన పట్టుబట్టి టైల్స్ తెప్పించింది. ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రి వచ్చాడు. ముందు గదిలో సామాను వరండాలోకి చేర్చారు. చివరికి ఇనుప బీరువాను కదిపారు. నేను మా వంటింట్లో కాకరకాయలు తరుగుతున్నాను.

"అమ్మా, బీరువా కింద సెట్టున్నది" అని మేస్త్రి అనడం వినిపించింది.

నన్నెవరూ పిలవలేదు. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి. చేతిలో కత్తి చేతిలోనే ఉండగా వెళ్లి చూశాను. పసుపుపచ్చ బండ మీద, జానెడు పొడుగున, నల్లటి ఫెర్న్ మొక్క. కాడ, కాడకు రెమ్మలు, రెమ్మలకు ఇంకా సన్నటి రెమ్మలు, అన్నీ ఎవరో సన్న కుంచెతో దిద్దినట్టున్నాయి. ఒక పక్క ఆకు సగం దాకా ఉండి ఆగిపోయింది. మేస్త్రి అప్పటికే గడ్డపార ఎత్తాడు.

"ఆగు" అని అరిచాను. చేతిలో కత్తి కూడా ఉండేసరికి అతను నిజంగానే ఆగాడు. "ఇది శిలాజం. కోట్ల ఏళ్ల కిందట బతికిన మొక్క. బురదలో కూరుకుపోయి, ఆ బురద రాయి అయిపోతే, దాని ముద్ర ఇలా ఉండిపోతుంది. దీన్ని పగలగొడతారా?"

అప్పుడే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. అది ఎవరిదో అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

"కోట్ల ఏండ్లనా టీచరమ్మా?"

అన్నయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చాడు. చేతిలో పేపరు లేదు. ఆ బండ పక్కన గొంతుక్కూర్చుని, వేలు పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకున్నాడు. నేను రెచ్చిపోయాను. డైనోసార్ల కాలంలో ఇలాంటి ఫెర్న్లే అడవుల నిండా ఉండేవని, మెడ పొడుగు డైనోసార్లు వీటినే మేసేవని, పళ్లు చూసి ఏది మేసేదో ఏది వేటాడేదో చెప్పొచ్చని, మన ఆదిలాబాద్ వైపు గోదావరి పక్కన కూడా వాటి ఎముకలు దొరికాయని, పాఠం అంతా చెప్పేశాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. వదిన గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి నన్ను చూసింది, బండను చూసింది, భర్తను చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆశ్చర్యంతో మాట రాలేదనుకున్నాను.

మేస్త్రికి చాయ్ ఇచ్చి పంపేశారు. టైల్స్ డబ్బాలు మెట్ల కిందికి వెళ్లాయి.

ఆ తర్వాత అన్నయ్యగారిని పట్టుకోవడం మా వల్ల కాలేదు. బీరువా వంటింటి దారికి అడ్డంగా వెళ్లింది. చెట్టు బండ చుట్టూ నాలుగు స్టూళ్లు పెట్టి, వాటికి నైలాన్ తాడు కట్టాడు. పక్కన ఒక చెంబులో నీళ్లు ఉండేవి. ఎవరైనా వస్తే ముందు నీళ్లు చల్లి, చెట్టు నల్లగా తేలాక మొదలుపెట్టేవాడు. నేను చెప్పిన కోట్ల ఏళ్లు ఆయన నోట్లో పడి ఊరికే ఉండలేదు. దసరాకు పది కోట్లు, దీపావళికి ఇరవై కోట్లు. ఆగిపోయిన సగం ఆకుకు కూడా ఆయనే కారణం కనిపెట్టాడు.

"గీడ సూడుండ్రి. గీ ఆకు సగమే ఉన్నది. మిగిలింది డైనోసార్ కొరికింది. ఇంక జర తినేటిదే, ఏందో సప్పుడైతె ఉరికింది."

నేను ఆ మాట చెప్పలేదు. కానీ కాదని కూడా అనలేదు. వినడానికి బాగానే ఉంది కదా అనుకున్నాను.

కీసరగుట్టకు వెళ్లొచ్చే చుట్టాలు దేవుణ్ణి చూసి, దారిలో మా చెట్టును కూడా చూసి వెళ్లేవారు. ఒకావిడ తాడు కింద నుంచి చెయ్యి పెట్టి కుంకుమ అద్దబోతే అన్నయ్యగారు "ఇది దేవుడు గాదమ్మా, సైన్సు" అని ఆపాడు. బంద్ రోజుల్లో మరీ ఎక్కువ. బస్సులుండవు, దుకాణాలుండవు, బళ్లుండవు. జనానికి పొద్దుపోక మా వీధిలోకి వచ్చేవారు. ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. ఒకతను వచ్చి, ఈ చెట్టు తెలంగాణదా ఆంధ్రాదా అని అడిగాడు.

"తాండూరుది. పక్కా మనదే" అన్నాడు అన్నయ్యగారు. అని, నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి, "కనిపెట్టింది మాత్రం తెనాలి టీచరమ్మ" అని నాకూ కొంత వాటా ఇచ్చాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎనిమిదో తరగతి మొత్తాన్ని, నలభై మందిని, జంటలుగా చేతులు పట్టించి, బడి నుంచి ఆ ఇంటికి నడిపించుకుని వచ్చాను. విజ్ఞాన యాత్ర అన్నాను. పిల్లలు పది మంది చొప్పున లోపలికి వెళ్లారు. అన్నయ్యగారు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారికి డైనోసార్ రంగు కూడా చెప్పాడు. వదిన నలభై మందికీ సకినాలు పెట్టింది. ఒక పిల్లవాడు ఆమెను "ఆంటీ, మీ ఇంట్లో ఇంత పాత చెట్టుందని మీకు ముందే తెల్వదా?" అని అడిగాడు. ఆమె వాడి చేతిలో ఇంకో సకినం పెట్టి, "తిను బిడ్డా" అంది.

టైల్స్ డబ్బాల సంగతి అలాగే ఉండిపోయింది. వాటి వెనక పిల్లి రెండుసార్లు ఈనింది. పై డబ్బా అట్ట వానజల్లుకు నాని, చిరిగి, లోపలి టైల్ మూల ఒకటి తెల్లగా బయటికి వచ్చింది. వదిన మెట్లు ఊడ్చినప్పుడల్లా ఆ మూలను కొంగుతో తుడిచేది. నేను చూసి కూడా చూడనట్టు వెళ్లేదాన్ని. ఒకసారి నేనే కదిపాను, టైల్స్ సంగతి ఏమైనా ఆలోచించారా వదినా అని. ఆమె బకెట్ నింపుకుంటూ "ఏంజేద్దం టీచరమ్మా, డైనోసార్ తిని సగం ఇడిసిపెట్టింది, మిగిలింది మేమెట్ల తీస్తం" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నచ్చకపోయినా ఏమీ చేయలేదు.

మూడో ఏడాది, నా క్లాసులో చదివే ఒకమ్మాయి తాతగారు మా ఇంటికి వచ్చారు. ఉద్యోగం చేసినంత కాలం రాళ్ల మీద పరిశోధన చేసి రిటైరైన మనిషి. తార్నాకలో ఉంటారు. మనవరాలు చెప్పిందట, మా టీచర్ దగ్గర డైనోసార్ కొరికిన చెట్టు ఉందని. ఆయన్ని గుమ్మంలో చూడగానే, చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోకి జారుకోబోయాను. అన్నయ్యగారికి మాత్రం పండగ. నీళ్లు చల్లి, మొత్తం చెప్పాడు. ఈసారి డైనోసార్‌కు పిల్లలు కూడా ఉన్నాయి.

పెద్దాయన ఓపిగ్గా విన్నారు. తర్వాత ఆయనకు తెలిసిన కొన్ని సంగతులు చెప్పారు. డైనోసార్ అడుగుల ముద్రలు రాళ్లలో దొరికితే, అది ఒంటరిగా తిరిగేదో మందగా తిరిగేదో, నడిచిందో పరిగెత్తిందో చెప్పొచ్చట. వాటి పేడ కూడా రాయవుతుందట. ఆ రాయిని కోసి చూస్తే అది ఏం గడ్డి మేసిందో తెలుస్తుందట.

"పేడ గూడ రాయైతదా సారూ?" అన్నయ్యగారు ఆ మాట మూడుసార్లు అడిగాడు. మన పేడ మాత్రం ఎవరికీ అక్కరకు రాదు కదా అని బాధపడ్డాడు కూడా. చివరికి చెట్టు వైపు చూపించి, "గిదెట్లున్నది సారూ?" అన్నాడు.

"చాలా అందంగా ఉంది" అన్నారు పెద్దాయన. "ఇంత పెద్దది నేను ఇళ్లల్లో ఎక్కడా చూడలేదు."

నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన చేతులు కడుక్కుంటానంటే వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. చేతులు కడుక్కున్నారు గానీ కుళాయి కట్టేయడం మరిచిపోయారు. ఉతికే బండను చూస్తూ నిలబడిపోయారు. దాని మీద వదిన నానబెట్టిన దుప్పట్లున్నాయి. వాటిని ఒక పక్కకు జరిపి చూసి, "లెన్స్ తెచ్చుకోలేదే, వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను" అని గొణుక్కున్నారు. గేటు దాకా సాగనంపాను. అక్కడ ఆయన ఆగి గొంతు తగ్గించారు.

"అమ్మా, ముందు గదిలోది మొక్క కాదు. బండ పగుల్లోకి నీళ్లు దిగినప్పుడు, ఆ నీళ్లతో వచ్చిన మాంగనీసు ఇలా కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. పంచె మీద సిరా పడితే పాకదూ, అలాగ. అసలు ఆ రాయి పుట్టినప్పటికి నేల మీద మొక్కే లేదు. గడ్డి పరక కూడా లేదు. డైనోసార్లు రావడానికి ఇంకా ఎన్నో కోట్ల ఏళ్లుంది."

"మరి కొరికిన గుర్తు?" అన్నాను. ఆ ప్రశ్న నా నోట్లోంచే వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బండ పరిచేటప్పుడు మేస్త్రి సుత్తి తగిలి ఉంటుంది" అన్నారాయన. "ఇంటాయన ముందు నేను చెప్పలేకపోయాను. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెబుతానన్నాను. నాలుగు రోజులు చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ నేను కోరుకోని కోరిక లేదు. పైవాటా వాళ్ల సిలిండర్ జారి ఆ బండ మీద పడితే బాగుండును అనుకున్నాను. భూకంపం కూడా అనుకున్నాను, చిన్నది, ఆ ఒక్క గదికి సరిపడా. మా ఆయనకు చెబితే, నీకు ఖచ్చితంగా తెలుసా అని అడిగి ఉండాల్సింది కదా ఆ రోజు, అని తనను తానే నిందించుకున్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహం చూసి ఆయన మీద అరిచాను. అరిచాక ఏడ్చాను. మెట్లు దిగుతుంటే చిరిగిన అట్టలోంచి ఆ తెల్లటి మూల నన్నే చూస్తున్నట్టుండేది.

గురువారం వదిన వెనకాల బట్టలు ఉతుకుతుంటే వెళ్లి చెప్పేశాను. నిలబడే చెప్పాను. అది మొక్క కాదు, శిలాజం కాదు, మరక, నేను తొందరపడ్డాను, నా మూలంగా మూడేళ్లు నీ టైల్స్ ఆగిపోయాయి, నన్ను క్షమించు. ఒక్క ఊపిరిలో అన్నీ.

వదిన తడి లుంగీని పిండి, విదిలించి, భుజం మీద వేసుకుంది.

"నాకెరికే టీచరమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా నాయన బండలు కొట్టేటోడు. చిన్నగున్నప్పుడు సద్ది పట్టుకొని గనికి పోతుంటి. బండ పలిగినప్పుడల్ల గిసొంటి సెట్లు ఎల్తయి. మేం సెట్టు బండ అంటుంటిమి. నీళ్లు దిగి గట్లయితదని మా నాయన సెప్పేటోడు. దాంతోని దుకాణం ఆట ఆడుకుంటుంటిమి."

"మరి ఆ రోజే చెప్పలేదేం వదినా?" కోపం వచ్చింది నాకు. తప్పు చేసింది నేను, కోపం వచ్చిందీ నాకే. "మూడేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేశావు కదా. నలభై మంది పిల్లల్ని తీసుకొచ్చాను."

"అందుకే సెప్పలే. ఆ పోరగాండ్ల ముంగట, మీ టీచరమ్మకు తెల్వదని నేను సెప్పాల్నా?" బకెట్ పక్కకు జరిపింది. ముందు గది వైపు తల తిప్పి, గొంతు తగ్గించింది. "ఇగ ఆయన సంగతి. కంపెనీ బందైనంక ఎనిమిది నెలలు ఆ మనిషి నాతోని గూడ మాట్లాడలే. అన్నం బెడితె తిన్నడు, లేస్తె పోయి గా కుర్చీల కూసున్నడు. నువ్వు వచ్చి శిలాజం అన్ననాడు నోరు తెరిసిండు. టైల్స్‌కేముంది, డబ్బాలల్ల ఉంటయి. మనిషుండాలె గదా."

నేను ఆ బండ అంచున కూలబడ్డాను. చీర తడిసింది. ఆ మూడేళ్లలో ఆ ఇంట్లో సైన్సు తెలిసిన మనిషి ఎవరో, టీచరెవరో నాకు ఆ రోజు తెలిసింది. చాలా సిగ్గేసింది. ఆమె మీద చాలా ప్రేమ కూడా వచ్చింది.

"ఆయనకు సెప్పకు. ఆ సారును గూడ రావద్దను. ఎట్లున్నదట్ల ఉండనియ్యి" అంది వదిన.

కానీ రావద్దని చెప్పడానికి నా దగ్గర పెద్దాయన ఫోన్ నంబరు లేదు, మనవరాలు ఆ రెండు రోజులూ బడికి రాలేదు. ఆదివారం పొద్దున్నే లెన్సుతో, చిన్న సుత్తితో, గుడ్డ సంచితో దిగారు. ముందు గదిలోకి వెళ్లకుండా నేరుగా వెనక్కి నడిచారు. వదిన అప్పుడే బట్టలకు సబ్బు పెట్టింది. ఆయన ఆ నురుగంతా కడిగించి, బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో సుడినీ లెన్సుతో చూశారు. అరగంట. అన్నయ్యగారు, వదిన, నేను చుట్టూ నిలబడి ఉన్నాం. సబ్బు చేత్తో వదిన నన్ను గిల్లింది, ఎందుకు రానిచ్చావు అన్నట్టు.

"ఇది కడప వైపు రాయి" అన్నారు చివరికి. "ఇదీ అసలైన శిలాజం. కంటికి కనిపించనంత చిన్న జీవులు, లోతు లేని సముద్రంలో జిగురుగా పాచిలా పేరుకునేవి. దాని మీద సన్నటి ఒండ్రు పడేది. దాని మీద మళ్లీ పాచి. అలా పొర మీద పొర వేసుకుంటూ అవి కట్టుకున్నవే ఈ సుడులు. డైనోసార్లు వీటి ముందు నిన్న మొన్న పుట్టినవి. చేప లేదు, చెట్టు లేదు, పురుగు లేదు, అప్పుడు ఇవున్నాయి. మనం పీల్చే గాలి ఇలాంటి పాచి పెట్టిన భిక్షే."

"పాచినా?" అంది వదిన. ఆమె గొంతులో ఇరవై ఏళ్ల కొబ్బరి పీచు ఉంది.

"పాచే."

అన్నయ్యగారు బండ వంక చూసి, ముందు గది వైపు చూశాడు. "కడపదా?" అన్నాడు ముందు. ఆ బాధ కాస్త మింగి, అడిగాడు. "మరి మన సెట్టు?"

పెద్దాయన నా వైపు చూశారు. వదిన నా వైపు చూసింది. గొంతు పెంచడానికి అలవాటుగా ఊపిరి తీసుకున్నాను. కానీ చిన్న గొంతే వచ్చింది.

"నాకు తెలియదు అన్నయ్యగారూ. ఆ రోజు తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను. అది చెట్టు కాదు. మరక."

"మరకనా?"

"మరకే."

"డైనోసార్ కొరికింది?"

"మేస్త్రి సుత్తి."

 ఆయన మెల్లగా నడుచుకుంటూ వరండాలోకి వెళ్లాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పేపరు విప్పాడు. మేం ముగ్గురం వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాం. వదిన చేతికి సబ్బు ఆరిపోతోంది. నా వైపు చూడలేదు ఆమె. చూసినా బాగుండేది. మొదటి పేజీ తిప్పాడు. రెండో పేజీ తిప్పాడు. ఇంక టెండర్ నోటీసుల దాకా వెళ్లిపోతాడని, మళ్లీ ఎనిమిది నెలలని, ఈసారి అది పూర్తిగా నా పనేనని అనుకున్నాను.

పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది.

"సారూ. గా పాచి బండ ఎన్ని ఏండ్లదన్నరు?"

పెద్దాయన ఒక్కో సున్నా విడివిడిగా చెప్పారు. అన్నయ్యగారు పేపరు అంచు మీద రాసుకున్నాడు. రాసుకుని, లెక్క పెట్టుకుని, లేచి నిలబడ్డాడు.

"ఏమే" అన్నాడు వదినతో, "ఆ బండ మీదికెళ్లి బట్టలు తియ్యి."

ఆ వారంలోనే ఆరుగురు మనుషులు ఆ బండను మోసుకొచ్చి గేటు పక్కన ఇటుకల మీద నిలబెట్టారు. తాడు అక్కడికి మారింది, చెంబు అక్కడికి మారింది. వానలు మొదలై బండ మీద పచ్చగా పాచి పడితే వదిన అలవాటు కొద్దీ కొబ్బరి పీచుతో బయల్దేరింది. అన్నయ్యగారు అడ్డం నిలబడ్డాడు. "ముట్టకు. తల్లి మీద పిల్లలవి" అన్నాడు. వచ్చిన వాళ్లకు, మనందరం పాచి బిడ్డలమేనని చెప్పేవాడు. కడప సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే చెప్పేవాడు, అది కూడా గొంతు తగ్గించి.

మెట్ల కింద డబ్బాలు విప్పారు. అప్పటికి ఆ డిజైను ఎవరూ వేయించుకోవడం లేదు. అయినా వదిన గది గదికీ తిరిగి, వంగి, మొహం చూసుకుంది. తోడికోడలిని పిలిచి మరీ బొట్టు దిద్దుకుని చూపించింది.

పాత బండలన్నీ లేపేటప్పుడు మేస్త్రి చెట్టు బండను మాత్రం అంచు కూడా పోకుండా ఎత్తాడు. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. వదినకు తోచింది. కుళాయి పక్కన ఉతికే బండ చోటు ఖాళీగా ఉంది కదా. సిమెంటు పోసి దాన్నే అక్కడ పరిపించింది.

మర్నాడు పొద్దున మా వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. వదిన బకెట్ దించి, బండ మీద నాలుగు దోసిళ్లు నీళ్లు చల్లింది. నా చెట్టు కాడలతో, రెమ్మలతో, కొరికిన ఆకుతో సహా నల్లగా తేలింది. ఆమె అన్నయ్యగారి లుంగీని తడిపి, మడతపెట్టి, తల పైకెత్తి, ఆగిపోయింది. గేటు దగ్గర ఎవరో వచ్చినట్టున్నారు. అన్నయ్యగారి గొంతు ఇంటి మీదుగా ఇక్కడి దాకా వస్తోంది, సున్నా తర్వాత సున్నా. ఆ సున్నాలన్నీ అయిపోయే దాకా ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉంది.

అప్పుడు నా కిటికీ వైపు చూసింది.

"కొట్టు వదినా" అన్నాను.